కేటలాగులో పాఠకుల మాటలు కూడా ఉండాలంటే

మా పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ మాస్టారు లైబ్రరీ కంప్యూటర్లో ఊరి పేరు తెలుగులో కొట్టి చూశారు, ఒక్క పుస్తకమూ రాలేదు. "ఏటి బాబూ, మన ఊరి పుస్తకం మన ఊళ్లోనే లేదా?" అన్నారు. ఉంది, ఆయన వెనక బీరువాలోనే ఉంది, కాకపోతే రికార్డులో పర్లాఖెముండి అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించారు.

ఇలాంటి సరిహద్దు ఊళ్లకి తెలుగులో ఒక పేరు, ఒడియాలో ఇంకోటి, ఇంగ్లిష్‌లో రెండు మూడు స్పెల్లింగులు, అవన్నీ లైబ్రేరియన్ ఒక్కడే ఊహించలేడు, వెతికేవాళ్లనే అడగాలి. అందుకు కోహా వాడండి. న్యూజిలాండ్‌లో ఒక స్థానిక లైబ్రరీ కోసం తయారై 2000 జనవరిలో పని మొదలుపెట్టిన, లైబ్రరీ కేటలాగు నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితమే గానీ సర్వర్ ఖర్చు ఉంటుంది, కోహా నడిచే లినక్స్ సిస్టమ్ తెలిసిన కుర్రాడొకడు కావాలి. మీ పాత జాబితా అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌కి మార్చండి, లేకపోతే తెలుగులో వెతికితే ఏమీ దొరకదు.

తర్వాత కోహా సెట్టింగులుండే సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో ట్యాగ్స్ ఆన్ చెయ్యండి. పాఠకులు లాగిన్ అయి పుస్తకానికి తమకు తోచిన మాట తగిలిస్తారు. దాంతోపాటే మోడరేషన్, అంటే మీరు ఒప్పుకున్నాకే ట్యాగు అందరికీ కనిపించే ఏర్పాటు, కూడా ఆన్ చెయ్యండి, నేను చెయ్యలేదు, ఒక ఇంటర్ కుర్రాడు నలభై పుస్తకాలకి 'బోర్' అని పెట్టేశాడు, అవి తీసెయ్యడానికి నాకు ఒక ఆదివారం పోయింది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ట్యాగు మీద నొక్కితే దాని పుస్తకాలు వస్తాయి గానీ మామూలు సెర్చ్ బాక్స్ ట్యాగుల్లో వెతకదు. అందుకని నెలకోసారి కూర్చుని, పనికొచ్చే ట్యాగుల్ని ఆ పుస్తకం మార్క్ (MARC) రికార్డులో, అంటే కేటలాగులో దాని వివరాలుండే రికార్డులో, మనకి తోచిన విషయపదాలు రాసుకునే 653 ఫీల్డులోకి మీరే ఎక్కించాలి. 'పర్లాకిమిడి' అని అక్కడ చేరాకే మాస్టారికి పుస్తకం దొరికింది. జనం మాట్లాడే మాటే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడ కూడా కేటలాగు జనం మాట వినకపోతే ఎలా!

కొనాల్సిన పుస్తకాల సూచనలు కూడా కోహాలోనే తీసుకోవచ్చు. కొనలేకపోతే కారణం రాయండి, పంపినాయన లాగిన్ అయి చూసుకుంటాడు. ఆ సెట్టింగు ఆన్ చేస్తే అట్టబొమ్మలు ఓపెన్ లైబ్రరీ అనే వెబ్‌సైట్ నుంచి, పుస్తకం మీద ఉండే ఐఎస్‌బీఎన్ నంబరుని బట్టి వాటంతటవే వస్తాయి, కానీ మన పాత తెలుగు పుస్తకాలకి ఆ నంబరే ఉండదు కాబట్టి ఫోన్లో ఫొటో తీసి ఎక్కించుకోవాల్సిందే.

పాస్‌వర్డు టెన్షన్ మాకెందుకు అనే పెద్దవాళ్ల కోసం కౌంటర్ దగ్గర ఒక రూళ్ల నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్ను పెట్టండి. మాస్టారు అందులోనే రాస్తారు, సాయంత్రం మేం ఎక్కిస్తాం.