కెథెడ్రల్ స్కూల్‌ని సాయంత్రం పూట చూడండి

పిల్లల్ని చేర్చడానికి ఇంగ్లండ్‌లో కెథెడ్రల్ స్కూల్ (బిషప్ ఉండే పెద్ద చర్చికి అనుబంధంగా ఉండే బడి) చూద్దామని, తల్లిదండ్రులకి బడి చూపించే ఓపెన్ డేకి వెళ్తే అంతా తళతళే, అసలు సంగతి తెలీదు. మేం బడి ఉన్న రోజు సాయంత్రం కెథెడ్రల్‌లో ఈవెన్‌సాంగ్‌కి, అంటే పాటలతో సాగే సాయంత్రం ప్రార్థనకి వెళ్లాం. ముప్పావు గంట, టికెట్ లేదు, ఏ మతం వాళ్లయినా కూర్చోవచ్చు. పాడింది ఆ స్కూలు పిల్లలే. అయ్యాక బయట పిల్లల కోసం నిలబడ్డ తల్లిదండ్రుల్ని రెండే అడిగాం: పాటకి వారంలో ఎన్ని సాయంత్రాలు పోతాయి, ఫీజు కాక ఇంకేం కట్టాలి? 2025 జనవరి నుంచి ప్రైవేటు బడి ఫీజుల మీద 20 శాతం వ్యాట్ ఉంది, స్కూలు చెప్పే అంకెలో అది కలిసిందో లేదో కనుక్కోండి. క్వాయర్ (చర్చి గాయక బృందం) పిల్లలకి క్రిస్మస్ నాడు కూడా పాట ఉంటుంది (డిసెంబరు ఇండియా టికెట్లు ముందే కొనేయకండి).

బడి సెలవుల్లో మాత్రం వెళ్లొద్దు, అప్పుడు ఎక్కువగా బయటి బృందాలు పాడతాయి. ఆ రోజు ఎవరు పాడతారో కెథెడ్రల్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.