రీస్టార్ట్ చేస్తే పనిచేస్తోంది, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే లేదు

సమస్య: విండోస్ 10 లేదా 11. సిస్టం ఆన్ అవగానే ఒక బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా రాసిన ఫైల్) రన్ కావాలని, పనుల్ని వాటంతటవే నడిపించే టాస్క్ షెడ్యూలర్‌లో "ఎట్ స్టార్టప్" అని పెట్టారు. పెట్టిన రోజు బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాడు పొద్దున్న ఆన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు.

ముందు టాస్క్ మీద రైట్ క్లిక్ చేసి రన్ నొక్కండి. మా విశాఖలో ద్వారకా నగర్, డాబా గార్డెన్స్ షాపుల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, ఈ ఒక్క ముక్క చూసి ఫోన్ చేసినవాళ్లు మాత్రం కనపడరు. నేరుగా "విండోస్ మళ్లీ ఎక్కించేద్దామా అండీ" అంటారు. రన్ నొక్కినా పని జరగకపోతే తప్పు మీ కమాండ్‌ది, స్టార్టప్‌ది కాదు. టాస్క్ ప్రాపర్టీస్ తెరిచి యాక్షన్స్‌లో "స్టార్ట్ ఇన్" గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఖాళీగా ఉంటే బ్యాచ్ ఫైల్ సిస్టం32 ఫోల్డర్‌లోంచి నడుస్తుంది, పూర్తి పాత్ (ఫైల్ ఎక్కడుందో చెప్పే చిరునామా) ఇవ్వని ఫైళ్లేవీ దానికి దొరకవు.

రన్ నొక్కితే జరుగుతోంది, రీస్టార్ట్ చేసినా జరుగుతోంది, రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున్న ఆన్ చేస్తేనే జరగడం లేదు అంటే, దొంగ దొరికినట్టే: ఫాస్ట్ స్టార్టప్.

ఇది 2012లో విండోస్ 8తో వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మీ లాగిన్ మాత్రమే మూస్తుంది. విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ, పరికరాల్ని నడిపే డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద రాసేసి పవర్ తీస్తుంది. పొద్దున్న వాటినే మళ్లీ మెమరీలోకి లాక్కుంటుంది. కాబట్టి విండోస్ లెక్కలో అసలు స్టార్టప్ జరగనే లేదు. రీస్టార్ట్‌కి ఈ వేషం లేదు, ప్రతిసారీ మొదటి నుంచీ బూట్ అవుతుంది. సెట్ చేయడానికి వచ్చినవాడు రీస్టార్ట్ చేసి చూపించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. మర్నాడు షట్టర్ ఎత్తాక మొదలవుతుంది గోల.

ఇంకో తమాషా. గాలివానకి కరెంటు పోయి, యూపీఎస్ లేని సిస్టం ఠక్కున ఆగిపోతే, తర్వాత ఆన్ చేసినప్పుడు టాస్క్ చక్కగా రన్ అవుతుంది. రాసి పెట్టుకునే వ్యవధి దొరకలేదు కదా! "కరెంటు పోయిన రోజే పనిచేస్తోందండీ" అని ఎవరైనా అంటే ఇంకేమీ వెతక్కండి.

రూఢి చేసుకోవాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ కింద "అప్ టైమ్" చూడండి. ఇప్పుడే ఆన్ చేసిన సిస్టం అక్కడ 6 రోజులు చూపిస్తుంటే ఇదే సంగతి.

పరిష్కారం: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ". గడులు మసకగా ఉంటే పైనున్న "చేంజ్ సెట్టింగ్స్" లింక్ నొక్కి, "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" టిక్ తీసి సేవ్ చేయండి. బూట్ కాస్త నెమ్మదిస్తుంది, ఎస్‌ఎస్‌డీ ఉంటే పెద్దగా తెలియదు. ఆఫీసు సిస్టం, సెట్టింగ్ ముట్టుకోనివ్వరు అంటే టాస్క్ ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే ట్రిగ్గర్‌ని "ఎట్ లాగ్ ఆన్"కి మార్చండి. ఎవరూ లాగిన్ కాకుండానే నడవాల్సిన పనికి మాత్రం ఇది కుదరదు.

ల్యాప్‌టాప్ అయితే టాస్క్ ప్రాపర్టీస్‌లోని కండిషన్స్‌లో ఏసీ పవర్ ఉంటేనే అన్న టిక్ తీయండి, అది ముందే పెట్టి ఉంటుంది. ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే జెడ్ లాంటి డ్రైవ్ అక్షరం కాదు, సర్వర్ పేరుతో పూర్తి పాత్ ఇవ్వండి, లాగిన్‌కి ముందు ఆ అక్షరం ఉండదు. యాంటీవైరస్ ఆపడం, రిజిస్ట్రీ పాడవడం లాంటివి చాలా అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.