బడిలో అర్హత ఉన్న ఏ విద్యార్థికీ స్కాలర్‌షిప్ తప్పిపోకుండా చూడటం ఎలా?

స్కాలర్‌షిప్ నిబంధన అందరికీ ఒకటే. దానికి కావలసిన కాగితాలు మాత్రం అందరి దగ్గరా ఉండవు. అద్దె ఇల్లు, అడ్డా కూలి, ఆధార్‌లో ఒక తీరు, బడి రిజిస్టర్‌లో మరో తీరు ఉన్న పేరు... సాయం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఈ చిక్కులన్నీ. కాబట్టి అడిగినవాళ్ల దరఖాస్తులు నింపి ఊరుకుంటే న్యాయం చేసినట్టు కాదు. హైదరాబాద్ ప్రభుత్వ బడుల్లోని టీచర్లు, తల్లిదండ్రుల కమిటీలు, బస్తీల్లో పనిచేసే యువకులు ఈ పనిని హాజరు పట్టీతో మొదలుపెట్టాలి. జూన్‌లోనే మొదలైతే మంచిది.

1. పట్టిక రాయండి

8, 9, 10 తరగతుల్లో ఉన్న ప్రతి పేరూ అందులో ఉండాలి. ఒక్కొక్కరి ఎదురుగా రిజిస్టర్‌లోని పేరు, ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పని, కుల పత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా రాసుకోండి. ‘ఎస్సీ పిల్లలు లేవండి’ అంటూ తరగతిలో నిలబెట్టి వివరాలు తీసుకోవద్దు. ఆ అవమానానికి భయపడి పేరే ఇవ్వని పిల్లలుంటారు. తల్లినో తండ్రినో పిలిపించి విడిగా అడగండి.

పేరులో, పుట్టిన తేదీలో తేడా ఉంటే తొమ్మిదో తరగతిలోనే సరిచేయించండి. పదో తరగతి మెమో వచ్చాక దిద్దుబాటు చాలా కష్టం.

2. ఎవరికి ఏది వర్తిస్తుందో చూడండి

తొమ్మిది, పది చదివే ఎస్సీ విద్యార్థులకు కేంద్ర ప్రీ-మెట్రిక్ పథకం ఉంది. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. ఇంటి నుంచి వచ్చి చదివేవారికి ఏటా 3,500, హాస్టల్ పిల్లలకు 7,000 రూపాయలు. ఎస్టీ, బీసీ విద్యార్థుల పథకాలు వేరు, వాటి మొత్తాలు కూడా వేరు.

చాలామందికి తెలియనిది ఇంకొకటుంది. చెత్త ఏరుకునేవారు, తోళ్ల పని చేసేవారు, చేతులతో మలం ఎత్తే పనిలో ఉన్నవారి పిల్లలకు ఒకటి నుంచి పదో తరగతి వరకు సాయం అందుతుంది. దీనికి ఆదాయ పరిమితి లేదు, ఏ కులమైనా ఏ మతమైనా వర్తిస్తుంది. పట్టికలో తల్లిదండ్రుల పని రాయమన్నది ఇందుకే.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ఆదాయ పరిమితి 3.5 లక్షలు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50 చాలు. ఫస్టు వచ్చే నలుగురి పేర్లే పంపడం ఇక్కడ జరిగే పెద్ద అన్యాయం. అర్హత ఉన్న ప్రతి ఒక్కరి చేతా రాయించాలి. కేంద్రీయ, నవోదయ విద్యాలయాలకు, ప్రభుత్వ గురుకులాలకు, ప్రైవేటు బడులకు ఈ పథకం లేదు. తక్కువ ఫీజు ప్రైవేటు బడిలో చదివే పేదపిల్ల దీనికి దూరమవుతోంది. ఆ నిబంధన మారాలి.

3. ఆదాయాన్ని నిజంగా లెక్కగట్టండి

మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆదాయ పత్రం ఇస్తారు. రోజుకూలీల విషయంలో లెక్క తప్పేది ఇక్కడే. రోజుకు 800 అంటే నెలకు 30 రోజులు, 12 నెలలు గుణించి 2.88 లక్షలు అని రాసేస్తారు. అడ్డా మీద నెలంతా పని దొరకదు. 20 రోజులే దొరికితే ఏడాదికి 1.92 లక్షలు. తల్లి ఇళ్లల్లో పనిచేసి నెలకు 3,000 తెస్తే మరో 36,000 కలపాలి. మొత్తం 2.28 లక్షలు, అంటే పరిమితిలోపే. ఉన్నదాన్ని తగ్గించి రాయవద్దు, లేని పనిదినాలను కలపనూ వద్దు. వలస వచ్చిన కుటుంబాలను కుల పత్రం కోసం సొంతూరి మండలానికి వెళ్లమనే అవకాశం ఎక్కువ. ఆ పని దసరా సెలవుల దాకా ఆగకూడదు.

4. ఖాతాకు సీడింగ్ ఉందో లేదో చూడండి

బ్యాంకులో ‘ఆధార్ లింక్ అయింది’ అంటే సరిపోదు, ప్రభుత్వ సాయం నేరుగా ఖాతాలో పడే డీబీటీకి సీడింగ్ జరగాలి, అంటే ఆ డబ్బు ఈ ఖాతాకే రావాలని ఆధార్‌తో జత చేయించాలి. ఆధార్ వెబ్‌సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ తెరిస్తే బ్యాంకు పేరు, యాక్టివ్ అన్న మాట కనబడతాయి. రెండు ఖాతాలుంటే చివరగా సీడింగ్ చేయించిన దాంట్లోకే డబ్బు వెళ్తుంది. పాస్‌బుక్ ఖాళీగా ఉందని బెంగపడే కుటుంబాలు ముందు ఇదే చూసుకోవాలి.

5. దరఖాస్తు పెట్టి వదిలేయకండి

ఎన్‌ఎంఎంఎస్‌లో ఎంపికైతే డబ్బు దానంతట అది రాదు. తొమ్మిదో తరగతిలో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో మళ్లీ నమోదు కావాలి, ఆపై ఏటా రెన్యువల్ చేయాలి. ఇంటర్‌లోనూ కొనసాగాలంటే పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 55. పరీక్ష గెలిచి నమోదు దగ్గర నష్టపోతే నాలుగేళ్ల 48,000 రూపాయలు పోయినట్టే.

ఫారంలో నెట్ సెంటర్ వాళ్ల ఫోన్ నంబర్ ఇవ్వవద్దు. దరఖాస్తులో లోపం ఉందని వెనక్కి పంపితే ఆ కబురు వాళ్లకే వెళ్తుంది, గడువు దాటేదాకా ఇంట్లో తెలియదు. పోర్టల్‌లో మొదట బడి, తర్వాత జిల్లా అధికారి ధ్రువీకరిస్తారు. ఎక్కడ ఆగిందో పదిహేను రోజులకోసారి చూసి పట్టికలో రాయండి.

6. ఆగిపోతే

ముందు హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, నకలుపై సంతకం, తేదీ వేయించుకోండి. కదలకపోతే సోమవారం లక్డీకాపూల్ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు నంబర్‌తో సహా అర్జీ పెట్టండి. ఆపైన సమాచార హక్కు చట్టం ఉంది. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం చూపితే అదీ అక్కర్లేదు. ‘ఈ బడి నుంచి ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఏ స్థాయిలో ఆగాయి, తిరస్కరణకు కారణాలేమిటి’ అని సంఖ్యలు మాత్రమే అడగండి, ఇతర పిల్లల పేర్లు అడగవద్దు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి.