విజార్డ్ దాడి క్యాంట్రిప్‌లు: సమస్య - పరిష్కారం

పాచికలతో ఆడే పాత్రధారణ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్‌లో స్పెల్ స్లాట్ (పరిమితంగా దక్కే మంత్రబలం) ఖర్చు కాకుండా ఎన్నిసార్లయినా వేయగలిగే చిన్న మంత్రాలను క్యాంట్రిప్‌లు అంటారు. మొదటి లెవెల్ విజార్డ్‌కు (మంత్రగాడి పాత్రకు) దక్కేవి మూడే. వాటిలో ఒకటి దాడికి కాని లైట్‌కో, మేజ్ హ్యాండ్‌కో పోతుంది కాబట్టి దాడికి మిగిలేవి మహా అయితే రెండు. కింది లెక్కలకు 2014 నాటి నియమాలు, ఇంటెలిజెన్స్ 16 ఉన్న మొదటి లెవెల్ విజార్డ్ ఆధారం. అంటే అటాక్ రోల్‌కు (దాడి తగిలిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచికకు) +5, సేవ్ డీసీ (మంత్రాన్ని తప్పించుకోవడానికి శత్రువు తన పాచికతో, అంటే సేవింగ్ త్రోతో, అందుకోవాల్సిన సంఖ్య) 13.

సమస్య: ఫైర్ బోల్ట్ పదేపదే గురి తప్పుతోంది.

కారణం: చాలామంది పది ముఖాల డ్యామేజ్ పాచికను చూసి ఫైర్ బోల్ట్‌ను ఎంచుకుంటారే తప్ప, అటాక్ రోల్ ఎదుటివారి ఆర్మర్ క్లాస్‌ను (రక్షణ సంఖ్యను) అందుకుంటేనే అది పనిచేస్తుందన్న సంగతిని పట్టించుకోరు. గొలుసు కవచం, డాలు ధరించిన హాబ్‌గాబ్లిన్ ఆర్మర్ క్లాస్ 18. అంటే +5 కలుస్తుంది కనుక ఇరవై ముఖాల పాచికపై 13 గానీ అంతకు మించి గానీ పడాలి, ఆ అవకాశం 40 శాతమే. డ్యామేజ్ పాచిక సగటు 5.5 అయినా, క్రిటికల్ హిట్లను పక్కనపెడితే, ఒక్కో టర్న్‌కు చేతికొచ్చేది 2.2.

పరిష్కారం: రెండవ క్యాంట్రిప్ సేవింగ్ త్రో అడిగేది కావాలి. విజ్‌డమ్ 10 మాత్రమే ఉన్న అదే హాబ్‌గాబ్లిన్‌పై విజ్‌డమ్ సేవ్ అడిగే టోల్ ది డెడ్ క్యాంట్రిప్ 60 శాతం సార్లు ఫలిస్తుంది, సగటు 2.7, అప్పటికే గాయపడి ఉంటే పాచిక పన్నెండు ముఖాలది అవుతుంది కనుక 3.9. అయితే ఇది 2017 నాటి అనుబంధ గ్రంథంలోది కాబట్టి డీఎం (ఆట నడిపే వ్యక్తి) అనుమతి ముందే తీసుకోవడం మర్యాద. అలాగని ఫైర్ బోల్ట్‌ను తీసిపారేయనక్కరలేదు: ఆర్మర్ క్లాస్ 8 ఉన్న జాంబీపై అది 90 శాతం తగులుతుంది, అక్కడ టోల్ ది డెడ్ దాని వెనుకే ఉంటుంది.

సమస్య: శత్రువు పక్కకు వచ్చి నిలబడగానే మంత్రాలు తగలడం లేదు.

కారణం: ఐదడుగుల లోపు శత్రువు ఉంటే దూరపు అటాక్ రోల్‌కు డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువ సంఖ్యనే తీసుకోవడం) వస్తుంది. ఆర్మర్ క్లాస్ 15 ఉన్న గాబ్లిన్‌పై 55 శాతంగా ఉన్న అవకాశం దాదాపు 30 కి పడిపోతుంది.

పరిష్కారం: షాకింగ్ గ్రాస్ప్ క్యాంట్రిప్ తగిలితే శత్రువు రియాక్షన్ (ఇతరుల వంతులో స్పందించే అవకాశం) పోతుంది కాబట్టి అతని ఎదురుదెబ్బ తినకుండా వెనక్కి తగ్గవచ్చు. కానీ దాడికి రెండే చోట్లు ఉన్నప్పుడు దీన్ని తీసుకోవడం నా దృష్టిలో విలాసమే; సేవింగ్ త్రో క్యాంట్రిప్‌కు అటాక్ రోల్ లేదు, కనుక ఈ డిసడ్వాంటేజ్ దానికి అంటదు.

సమస్య: తగిలినా డ్యామేజ్ పడటం లేదు.

కారణం: డ్యామేజ్ రకం. పాయిజన్ స్ప్రే పన్నెండు ముఖాల పాచిక ఆశ పెడుతుంది గానీ, అస్థిపంజరాలకూ జాంబీలకూ విషం పనిచేయదు. డెవిల్స్‌కు విషంతో పాటు నిప్పు కూడా సోకదు. పైగా దాని దూరం పదడుగులే, అడిగేది కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్. ఓగర్‌కు అందులో +3 ఉంది.

పరిష్కారం: రెండు క్యాంట్రిప్‌లూ ఒకే రకం డ్యామేజ్‌వి కాకుండా చూసుకోవాలి. ప్రతి టర్న్‌కు 10 హిట్ పాయింట్లు (ప్రాణబలం) తిరిగి తెచ్చుకునే ట్రోల్‌ను నిప్పో ఆమ్లమో నిలువరిస్తుంది. అక్కడ పాచిక ఎన్ని ముఖాలదన్నది ఎవరికీ గుర్తుండదు.

సమస్య: ఎంపిక ఇప్పటికే తప్పిపోయింది.

కారణం: 2014 మూల నియమాలు విజార్డ్‌కు క్యాంట్రిప్ మార్చుకునే వీలివ్వలేదు.

పరిష్కారం: 2020 లో వచ్చిన ఐచ్ఛిక నియమం ప్రకారం మూడవ లెవెల్ నుంచి, 2024 నియమాల ప్రకారం మొదటి లెవెల్ నుంచే, ప్రతి లాంగ్ రెస్ట్ (పాత్ర తీసుకునే సుదీర్ఘ విశ్రాంతి) తరువాత ఒక క్యాంట్రిప్‌ను మార్చుకోవచ్చు. మీ ఆట ఏ నియమాల మీద నడుస్తోందో డీఎంను అడిగి, రేపు ఎదురయ్యేది కవచధారులా, కదిలే శవాలా అన్నది చూసుకుని మార్చుకోండి.