వెండి పూత కప్పు ముట్టుకునే ముందు జాగ్రత్తలు

నాటక పరిషత్తు కప్పైనా, కబడ్డీ కప్పైనా పూత మందం వెంట్రుక మందమంత కూడా ఉండదు.

– చింతపండు, విభూతి పక్కన పెట్టండి. ఇత్తడి బిందెకు అవి సరే. ఇక్కడ పులుపు పూత లేచిన చోట లోహాన్ని తింటుంది, బూడిద పూతనే అరగదీస్తుంది. ఎర్రగానో పసుపుపచ్చగానో కనిపించేది మురికి కాదు, వెండి పోయిన చోటు. రుద్దేకొద్దీ పెరుగుతుంది.

– చెక్కిన పేర్లకు ముందే ఫొటో తీయండి.

– అడుగు నట్టు విప్పి చెక్క పీట తీసేయండి. బిగుసుకుంటే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. బలవంతం చేస్తే కాడ మెలిపడుతుంది.

– ఊడిన పిడికి గ్యాస్ మంట అసలు వద్దు. తగరం, సీసం కలిసిన మాటు (అతుకు వేసే లోహం) 183 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఒకటి అతికేలోపు పక్కది జారుతుంది. కప్పే తగరం జాతిదైతే కుంగిపోతుంది.

– కడిగాక బోలు కాడలో నీరు మిగలనివ్వకండి. కోనసీమ ముసురులో అది ఓ పట్టాన ఆరదు.