తెల్లవారుజామున పిట్ట పాట రికార్డు చేయాలంటే

మన రాయలసీమ రాళ్ల కొండల్లో పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించదు. దాని పాటైనా, ఇంకే అడవి పిట్ట పాటైనా రికార్డు చేయాలనుకుంటే సూర్యోదయానికి అరగంట ముందే అక్కడ ఉండండి. ఎండ ఎక్కితే కొండగాలి లేస్తుంది. కడప దగ్గరి పాలకొండల వైపైతే గువ్వలచెరువు ఘాట్ రోడ్డు లారీల మోత కూడా తోడవుతుంది, కాబట్టి కొండకు రోడ్డు లేని వైపు వాలు ఎంచుకోండి.

ఫోన్ చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, శబ్దాన్ని కుదించే ఎంపీ3 కాకుండా, ఉన్నదున్నట్టు దాచే వేవ్ (WAV) ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ వాడండి. అన్నిటికంటే ముఖ్యం, నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఆపేయడం. అది మనిషి గొంతు కోసం చేసింది, పిట్ట కూతలో సన్నని స్వరాలను కూడా రొదనుకుని కోసేస్తుంది. చాలా ఫోన్లలో మైక్ కింది అంచున ఉంటుంది, ఆ అంచునే పిట్ట వైపు తిప్పండి. చేత్తో పట్టుకుంటే వేళ్ల రాపిడి పడుతుంది, బండ మీద గుడ్డ పరిచి పెట్టండి. శబ్దం ఎంత గట్టిగా పడుతోందో (లెవెల్) చూపించే యాప్ అయితే దాన్ని మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకండి.

పిట్టను దగ్గరికి రప్పించడానికి దాని పాటే స్పీకర్‌లో వినిపించొద్దు, దయచేసి. గూడు కట్టే కాలంలో ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

పాట అయ్యాక రికార్డింగ్ ఆపకుండానే తేదీ, టైమ్, చోటు, పిట్ట ఏ చెట్టు మీదుందో మీ గొంతుతో చెప్పేయండి.