బయట తిప్పి తెచ్చినా చాప మీదే! కుక్కపిల్ల ఒంటికి, రెంటికి తిప్పలు

నెల్లూరు దగ్గర మా కోవూరు ఇంటికి నల్లోడు అనే కుక్కపిల్ల వచ్చేటప్పటికి వాడికి రెండు నెలలు నిండాయో లేదో. నాలుగో రోజుకే మా అత్తమ్మ తేల్చేసింది: "అమ్మాయ్, ఈ ఇంట్లో నేనన్నా ఉండాల, అదన్నా ఉండాల." ఇప్పటికీ ఇద్దరూ ఉన్నారు. ఈ మధ్యలో ఎక్కడెక్కడ పప్పులో కాలేశామో, దేనికి ఏది పనిచేసిందో రాస్తున్నాను. కుక్కపిల్లకి ఇల్లు, వీధి అన్న తేడా పుట్టుకతో రాదు. కాలి కింద ఏం తగులుతోంది, ముక్కుకి ఏం వాసనొస్తోంది, అంతవరకే దానికి తెలుసు. కింద రాసిన చిక్కుల్లో సగం అక్కడ పుట్టినవే.

సమస్య: అరగంట బయట తిప్పినా పోయదు, గడప దాటి లోపలికి రాగానే పోస్తుంది

అందరూ మొదట మొత్తుకునేది ఇదే. కారణాలు రెండు. బయట ఆటోలు, మేకలు, పక్కింటి కోళ్లు. వాటిని చూసే హడావిడిలో అది వచ్చిన పని మర్చిపోతుంది. రెండోది మన తప్పు. అది పోయగానే "హమ్మయ్య" అని లోపలికి లాక్కొచ్చేస్తాం. పోస్తే షికారు అయిపోతుందని దానికి అర్థమవుతుంది, ఇక ఆపుకోవడం నేర్చుకుంటుంది.

నిద్ర లేవగానే, ఆట అవగానే, తిన్నాక ఐదు నిమిషాల నుంచి అరగంట లోపు బయటికి తీసుకెళ్లండి. చిన్న తాడు కట్టి రోజూ ఒకే మూల నిలబడండి. మాట్లాడొద్దు, ఆడించొద్దు, పది నిమిషాలు స్తంభంలా ఉండండి. పోసిన మరుక్షణం, అక్కడికక్కడే, ఉప్పూకారం లేని ఉడికించిన కోడి ముక్క ఒకటి నోట్లో పెట్టండి. లోపలికొచ్చాక పెడితే లోపలికి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. షికారు ఆ తర్వాతే. పోయలేదా, లోపలికి తెచ్చినా తాడు వదలకుండా పక్కనే కూర్చోబెట్టుకుని పావుగంటకి మళ్లీ తీసుకెళ్లండి.

ఒక జాగ్రత్త. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వాంతులు, విరేచనాల జబ్బు) టీకాల వరస సుమారు నాలుగు నెలల వయసు దాకా సాగుతుంది. అది పూర్తయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే వీధిలో దించకండి. ప్రహరీ లోపలి మూలో, మిద్దె మీదో చాలు.

సమస్య: ఎన్నిసార్లు కడిగినా అదే చోట

ఫినాయిలు వాసన మన ముక్కుని మోసం చేస్తుంది, కుక్క ముక్కుని కాదు. మూత్రం వాసన బండల సందుల్లో, చాప నారలో అట్టే ఉండిపోతుంది. గచ్చుకి తేమ తగిలినప్పుడల్లా ఆ వాసన మళ్లీ లేస్తుంది. "ఇది నా చోటే" అనుకుని అది అక్కడే కూర్చుంటుంది.

ముందు పాతగుడ్డతో అద్ది పీల్చండి, రుద్దితే ఇంకా పాకుతుంది. ఆ తర్వాత ఎంజైమ్ క్లీనర్ (మూత్రం మరకని, వాసనని విరగ్గొట్టే ద్రావణం) పోసి సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. చల్లి వెంటనే తుడిచేస్తే డబ్బులు దండగ. గూడూరు నిమ్మకాయలు ఇంట్లో ఉన్నాయి కదా అని బండల మీద పిండొద్దు. నాపరాయి సున్నపురాయి, పులుపు తగిలితే తెల్లమచ్చ పడుద్ది. మా వరండాలో పడింది, ఇంకా ఉంది. బ్లీచింగ్ అసలు వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరాడనివ్వని ఘాటు లేస్తుంది. బాగా ఆరాక దాని అన్నం గిన్నె ఆ చోటే పెట్టండి. తిండి తినే చోట పోయడానికి చాలావరకు కుక్కలకి మనసు రాదు.

సమస్య: గచ్చంతా వదిలి కాళ్లపట్టా మీదే

ముందున్న చోట దానికి గోనె పట్టానో, పాత దుప్పటో పరిచి ఉంటారు. కాలికి మెత్తగా తగిలి తడి పీల్చేది ఏదైనా దాని లెక్కలో మరుగుదొడ్డే. రెండు నెలలు పట్టాలన్నీ ఎత్తిపెట్టేయండి, అంతే.

సమస్య: రాత్రి పక్క తడిపేస్తుంది

నెలల వయసుకి ఒకటి కలిపితే ఎన్నొస్తే అన్ని గంటలు ఆపుకోగలదని మోటు లెక్క. రెండు నెలల పిల్లకి మూడు గంటలు, అదీ గట్టిగా అయితే. కాబట్టి అలారం పెట్టుకోక తప్పదు. రాత్రి తిండి పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం తడుపుతుందని నీళ్లు తీసేయకండి, వడదెబ్బకి పిల్ల పోతుంది.

ఇంకో మాట. మిగిలిన చేపల పులుసు అన్నం పెట్టకండి. ఉప్పుకి దాహమేసి కడవెడు తాగుతుంది, పైగా అందులోని ఉల్లిపాయ కుక్కలకి విషం. పాలన్నం పెడితే చాలా పిల్లలకి విరోచనాలు. అప్పుడు శిక్షణలో లోపం వెతికి లాభం లేదు, తిండి మార్చి, నట్టల మందు వేయించారో లేదో చూసుకోండి.

సమస్య: మనిషిని చూడగానే కారిపోతుంది

మా మామయ్య గేటు తీసి "ఏందిరా!" అంటే చాలు, నల్లోడు పొట్ట చూపించి అక్కడే పోసేవాడు. అది భయం, లొంగుబాటు. ఒక్కోసారి సంతోషం పట్టలేక కూడా. అరిస్తే ఎక్కువవుతుంది. ఇంట్లోకి రాగానే ఐదు నిమిషాలు దాన్ని పట్టించుకోకుండా, తర్వాత పక్కకి తిరిగి కూర్చుని చెయ్యి చాపండి. మూతిని తడిలో రుద్దడం మా ఊళ్లో అందరూ చెప్పే వైద్యం. దాంతో కుక్క నేర్చుకునేదల్లా మన కళ్లెదుట పోయకూడదని. అప్పటినుంచి మంచం కింద, బియ్యం బస్తా వెనక.

సమస్య: వాన పడితే బయటికి రాదు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈ బాధ తప్పదు. వాయుగుండం పట్టిందంటే మూడు రోజులు ముసురే. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో జానెడు ఇసుక పోసి వరండాలో పెట్టండి. మా దగ్గర ఇసుకకేం కొదవ, పక్కనే పెన్నా. అది రోజూ వెళ్లే మూల నుంచి ఒక దోసెడు మట్టి తెచ్చి పైన చల్లితే వాసన పట్టి తనే ఎక్కుతుంది. వాన మొదలయ్యాక కాదు, దసరాకల్లా అలవాటు చేయండి.

సమస్య: అన్నీ నేర్చుకున్న కుక్క ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెట్టింది

మగకుక్క ఆరు నెలలు దాటి, కాలెత్తి గోడలకీ తలుపులకీ కొంచెం కొంచెం చల్లుతుంటే హద్దులు గీసుకుంటోందని అర్థం. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయిస్తే చాలావాటిలో తగ్గుతుంది. అట్టా కాకుండా మాటిమాటికీ కూర్చుని చుక్కలు చుక్కలుగా పోస్తున్నా, మూలుగుతున్నా, ఎరుపు కనిపించినా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, ఆ రోజే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అసలు చుక్క కూడా రాకపోతే ఒక్క గంట కూడా ఆగొద్దు. పరీక్షకి పొద్దున్నే మొదటి మూత్రం పట్టుకెళ్తే మేలు. ఎట్టా పట్టాలంటారా? పొడుగు కాడ గరిటె వెనకనుంచి మెల్లగా తోయడమే. నేను పట్టిన గరిటెని మా అత్తమ్మ మళ్లీ వంటింటి గడప తొక్కనివ్వలేదు.